ఆరో అడ్డు దగ్గర తడిసిన పెద్దమనుషులు

తూర్పు శిఖరాల వెనక నుంచి సూర్యుడు ఇంకా పూర్తిగా పైకి రాకముందే గరుడకనుమ దిగువనున్న మైదానమంతా జనంతో కిటకిటలాడుతోంది. దంతపు పిడుల గొడుగులు, కుంకుమరంగు పట్టు డేరాలు, వెండి మువ్వలు కట్టిన పల్లకీలు, నెమలికంఠం రంగు పతాకాలు ఎటు చూసినా కన్నుల పండువగా ఉన్నాయి. వాటన్నిటి నడుమ నుంచి, వెదురు గెడలకు కట్టిన రెండు ఎర్రతాళ్ల మధ్య, గుర్రాలు పరుగెత్తే దారి సాగిపోతోంది. అది కొండవాలు మీద మొదలై, మద్దిచెట్ల అడవిలో దూరి, గులకరాళ్ల వాగు దాటి, మళ్లీ కొండెక్కి కనుమ ముఖద్వారం దగ్గర ముగుస్తుంది. పొడవు రెండు కోసులు. మధ్యలో పన్నెండు అడ్డులు. ఒక చోట దుంగల దొంతర, ఒక చోట రాతిగోడ, ఇంకో చోట ముళ్లకంప. ఒక్కో అడ్డును ఒక్కో ఊరివాళ్లు కట్టారు. ఎవరి అడ్డు ముందు ఎక్కువమంది రౌతులు బోర్లాపడితే ఆ ఊరికి అంత గొప్ప.

అంబరగిరి రాజ్యంలో గరుడకనుమ తాళాలు తండ్రి నుంచి బిడ్డకు ఊరికే రావు. కనుమ కాపలాదారు మరణించిన నెలలోపు మూడు నాళ్ల అశ్వపరీక్ష జరగాలి. మొదటి నాడు గుర్రం నడక, రెండో నాడు దాని ఓర్పు చూస్తారు. మూడో నాడు ఈ దౌడు. తప్పు లేకుండా, అందరికంటే తక్కువ సమయంలో కనుమ చేరినవాళ్ల చేతికి రాజుగారు స్వయంగా తాళాలగుత్తి ఇస్తారు. నియమాలన్నిటిలోకీ కఠినమైనది ఒకటుంది. గుర్రం దారిలో ఉండగా చూసేవాళ్లెవరూ రౌతుకు సాయం చేయకూడదు. మాట, సైగ, ఈల, ఏదీ పనికిరాదు. చేసినవాడికి కొరడాదెబ్బలు, ఆ రౌతుకు పోటీ నుంచి ఉద్వాసన.

ఈ సంగతి తెలిసి కూడా ఆ ఉదయం నోరు మూసుకోలేక సతమతమవుతున్నవాడు సారంగుడు. అతను గుర్రాలకు లాడాలు కొట్టే కమ్మరి. నాలుగు రోజుల కిందట తన కొలిమి వెనక గోడవారన ఇద్దరు మాట్లాడుకుంటుంటే విన్నాడు. ఒకడు దుర్జయుడు, ఈ పోటీలో పాల్గొంటున్న సామంతుడు. రెండోవాడు ధూమకేశుడనే మాంత్రికుడు. ముఖం కనిపించలేదు గానీ గొంతు వినిపించింది, ముక్కుపుటాలను మండించే ధూపం వాసన వచ్చింది. తాళాలు చేతికి రాగానే దుర్జయుడు కనుమ తలుపులు తీసి, ఆవల పొంచి ఉన్న శోణపురి సేనను లోపలికి వదులుతాడు. అందుకు ప్రతిగా ఏదో ఒక అడ్డు దగ్గర మాంత్రికుడు మిగతా రౌతుల పని పడతాడు. ఏ అడ్డో వాళ్లు అనలేదు. సామంతుడి మీద కమ్మరి చెప్పిన మాట కొలువులో ఎవరు నమ్ముతారు?

నమ్మినది ఒక్క వైజయంతి. ఆమె చనిపోయిన కాపలాదారు కూతురు. ఏడుగురు రౌతులలో చివరిది. ఆమె ఆడగుర్రం పేరు గోరింక. దాన్ని పసిపిల్లగా ఉన్నప్పటి నుంచి మచ్చిక చేసింది సారంగుడే. పోటీ మానుకోమని అతను చెప్పబోతే వైజయంతి వినలేదు. జీను పట్టీ బిగిస్తూ, తలెత్తకుండానే సమాధానం చెప్పింది.

"నేను మానితే తాళాలు వాడివే కదా సారంగా. పడితే లేస్తాను. లేవలేకపోతే గోరింకను నువ్వు ఇంటికి తోలుకుపో."

సారంగుడు గోరింక మెడ నిమిరి పక్కకు తప్పుకున్నాడు. ఇక చేసేదేమీ లేక, చూసే జనంలో కలిసిపోయి, ఆ అడ్డేదో కనిపెట్టాలని తెల్లవారేసరికే బయలుదేరాడు.

అంబరగిరిలో గుర్రం ఎక్కలేనివాడు ఉంటాడేమో గానీ గుర్రం గురించి మాట్లాడలేనివాడు ఉండడు. మొదటి అడ్డు దగ్గర ఒక పౌరోహిత్యం చేసుకునే పెద్దాయన, దుంగలు జానెడు ఎత్తు తక్కువగా ఉన్నాయనీ, తన చిన్నతనంలో అయితే వాటిని మేకపిల్లలు దూకేవనీ వివరిస్తున్నాడు. మూడో అడ్డు దగ్గర ఇద్దరు వియ్యంకులు గుర్రం ఏ కాలు ముందు వేయాలన్న దానిమీద మాటా మాటా అనుకుని చెరో గొడుగు కిందికి వెళ్లిపోయారు. రాబోయే గుర్రం కంటే రాకపోయిన గుర్రం గురించే ఎక్కువ చర్చ. సారంగుడు ఎవరి మాటా పట్టించుకోకుండా అడ్డు తరవాత అడ్డు గాలిస్తూ అయిదోదైన వాగు దగ్గరికి చేరాడు. అక్కడ గుర్రాలు పొట్ట లోతు నీళ్లలో దిగి, నిలువెల్లా తడిసి, అవతల గట్టెక్కుతాయి. ఎక్కిన వందడుగుల దూరంలో ఆరో అడ్డు. నడుమెత్తు ముళ్లకంప, దాని అవతల చదునైన పచ్చిక, పచ్చిక చివర రాతిగట్టు. పన్నెండింటిలోకీ తేలికైనది అదేనని నిన్న దారి నడిచి చూసిన రౌతులందరూ తేల్చారు.

అక్కడికి రాగానే సారంగుడి ముక్కుపుటాలు మండాయి.

కంపకు కొంచెం దూరంలో, ఒక బండరాయి మీద, ఒళ్లంతా బూడిద పూసుకున్న బైరాగి కూర్చుని ఉన్నాడు. ముందున్న మట్టికుండలోంచి సన్నని పొగ లేస్తోంది. అమాయకులు కొందరు వెళ్లి దండం పెట్టి పొగ కళ్లకద్దుకుంటున్నారు. గొంతు వినాల్సిన అవసరం కూడా లేకపోయింది. కానీ వాడు చేసిందేమిటి? కంప నిన్నటి కంపే. పచ్చిక నిన్నటి పచ్చికే. సారంగుడు ఎంత తేరిపార చూసినా తేడా కనిపించలేదు.

ఇంతలో మొదటి రౌతు వాగు దాటి వచ్చాడు. కంప దగ్గర గుర్రం చెవులు వెనక్కి పెట్టి తటపటాయించింది. రౌతు మడమతో పొడిచాడు. గుర్రం తేలిగ్గా ఎగిరి, అవతల గడ్డి మీద దిగి, దిగిన చోటే ముందుకు కూలిపోయింది. రౌతు దాని తల మీదుగా వెళ్లి పడ్డాడు. కళ్లెం ముందే వదిలేశాడని ఒకరు, వెనక్కి వాలాడని మరొకరు, రాత్రి భోజనం ఎక్కువైందని ఇంకొకరు తీర్పులు చెప్పారు. లేచినవాడు మాత్రం గుర్రం కాలు జారిందని గొణిగి, దాన్ని నడిపించుకుని వెళ్లిపోయాడు.

రెండోవాడు దుర్జయుడు. నల్లగుర్రం మీద వచ్చి, కంపకు చాలా ముందుగానే లేచి, ఆకాశంలో ఎగిరినట్టు వెళ్లి కంపకు అవతల మూడు బారల దూరాన దిగాడు. నడుమెత్తు కంపకు అంత గెంతు ఎందుకని జనం నవ్వుకున్నారు. పొగరు చూపిస్తున్నాడన్నారు. సారంగుడు నవ్వలేదు. నాలుగేళ్లుగా ఆ గుర్రానికి లాడం కొడుతున్నవాడు అతను. అక్కర లేకుండా గుర్రాన్ని ఒక్క అడుగు కూడా శ్రమ పెట్టే మనిషి కాడు దుర్జయుడు. అయితే ఆ మూడు బారల గడ్డిలో ఏదో ఉంది.

కంప దాటి పడ్డ మూడో రౌతు లేవలేదు. మెడ కింది ఎముక విరిగి, స్పృహ తప్పినవాణ్ణి మోసుకుపోయారు. నాలుగోవాడి గుర్రం కుంటుతూ బయటపడింది. అతనూ కాలు జారిందనే అన్నాడు. అయిదో రౌతు, ఆరో రౌతు ఇంతదాకా రాకుండా అడవిలోనే ఆగిపోయారని కబురొచ్చింది. ఇక్కడ రౌతులు పడుతున్నారని తెలిసి మొదటి అడ్డుల దగ్గరి పెద్దమనుషులు కూడా ఇటే చేరారు. ఇక మిగిలింది వైజయంతి. ఆమె బయలుదేరేలోగా కొమ్ము ఊదుతారు. ఊదినప్పుడు తాళ్లు విప్పి, జనాన్ని ఇటు నుంచి అటు దాటనిస్తారు. వెంటనే మళ్లీ కట్టేస్తారు.

సారంగుడు కాలుగాలిన పిల్లిలా కంప చుట్టూ తిరుగుతుంటే, పొదల చాటున పట్టుపంచె పిండుకుంటున్న రత్నగుప్తుడు కనిపించాడు. రత్నగుప్తుడు నగరంలో గుర్రపు వర్తకుడు, నేల చదవడంలో తనంతవాడు లేడని పేరు. ఏమైందని అడిగితే ఎండకు చెమట పట్టిందని చెప్పి ముఖం తిప్పుకున్నాడు. పంచె అంచు నుంచి మాత్రం నీళ్లు ధారగా కారుతున్నాయి.

ఇక్కడ అంబరగిరివాళ్ల గురించి ఒక మాట చెప్పాలి. ఆ దేశంలో పిల్లలకు అక్షరాల కంటే ముందు నేల నేర్పుతారు. ఎక్కడ గట్టిగా ఉంటుంది, ఎక్కడ దిగబడుతుంది, ఏ గడ్డి కింద ఊట ఉంటుంది అన్నది చూపుతోనే చెప్పగలగాలి. తప్పటడుగు వేసి తడిసినవాణ్ణి ఏడాది పొడుగునా ఏడిపిస్తారు. ఆ కారణంగా కుదిరిన పెళ్లి సంబంధాలు చెడిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. అందుకని అక్కడివాడు నీళ్లలో మునిగినా సరే, పడ్డానని ఒప్పుకోడు.

ఒప్పుకున్నది నాంచారమ్మ. ఆమె సముద్రపు ఒడ్డు నుంచి వచ్చి, గుర్రాలకూ మనుషులకూ ఉలవగుగ్గిళ్లు అమ్ముకునే ముసలామె. ఆ పట్టింపులేవీ ఆమెకు లేవు. సారంగుడు అడగ్గానే తడిసిన చీర కుచ్చిళ్లు చూపించింది.

"ఇందాక అడ్డంగా దాటుదామని గడ్డి మీద కాలు పెట్టాను నాయనా. మోకాలి దాకా దిగిపోయాను. కంటికేమో గడ్డే, కాలికేమో నీళ్లు. గంపలో గుగ్గిళ్లు సగం పోయాయి. నాకంటే ముందే ఆ పట్టుపంచె ఆయన దిగాడు. ఎవరికీ చెప్పొద్దని నన్ను బతిమాలాడు."

సారంగుడికి అంతా అర్థమైంది. రాత్రికి రాత్రి వాగును ఇటు మళ్లించి కంప వెనక కాలవ తవ్వారు. పొగ ఉన్నంతసేపూ అది గడ్డిలా కనిపిస్తుంది. పక్కనే వాగు హోరు ఉంది గనక నీళ్ల చప్పుడు వినబడదు. గుర్రాలు అయిదో అడ్డులోనే తడిసి వస్తాయి గనక పడ్డవాళ్లు తడిసినా ఎవరికీ అనుమానం రాదు. పడ్డ రౌతులు పరువు కోసం నోరు విప్పరు. అవతలి గట్టు ఒట్టి రాయి. పూర్తి వేగంతో వచ్చే గోరింక దానికి కొట్టుకుంటే గుర్రమూ దక్కదు, మనిషీ దక్కదు.

అతను పరుగున వెళ్లి ఆరో అడ్డుకాపరి శూరపాలుడితో చెప్పాడు. శూరపాలుడు తెల్లమీసాల పాత సైనికుడు, నియమం తప్పని మనిషి. గడ్డి వైపు చూశాడు, సారంగుడి వైపు చూశాడు. పడ్డవాళ్లలో ఒక్కరైనా నీళ్లనలేదు కదా అన్నాడు. పోనీ ఈటెతో పొడిచి చూడమంటే, దౌడు ముగిసేదాకా అడ్డును ముట్టే హక్కు తనకు కూడా లేదనీ, రౌతులలో ఎవరైనా స్వయంగా ఫిర్యాదు చేస్తేనే తనిఖీ చేయగలననీ చెప్పాడు. ఇంకొక్క మాట మాట్లాడితే వైజయంతికి సాయం చేస్తున్నట్టు లెక్క వేయాల్సి వస్తుందని కూడా హెచ్చరించాడు.

కొండ మీద నగారా మోగింది. వైజయంతి బయలుదేరడానికి సిద్ధమవుతోంది. ఇక్కడ జనం దాటడానికి కొమ్ము ఊదారు.

సారంగుడు ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. మాట కూడదు, సైగ కూడదు. అయినా సరే, ఆమె ఆ గట్టుకు కొట్టుకోకూడదు. కళ్లు తెరిచి, కాస్త పెద్ద గొంతుతో, పక్కనున్న నాంచారమ్మతో మాట్లాడుతున్నట్టుగా అన్నాడు.

"గోరింక దిగేటప్పుడు ఏ కాలు ముందు వేస్తుందో ఇటునుంచి చూసేవాళ్లకు ఏం తెలుస్తుంది అవ్వా? గుర్రం సంగతి నిజంగా తెలిసినవాళ్లెవరూ ఇక్కడ నిలబడరు. ఆ ఎదురు గట్టు మీద నిలబడతారు."

అంతే. పెద్దమనుషులు ఒకరినొకరు చూసుకున్నారు. తెలియనివాళ్ల వరసలో మిగలడానికి ఎవరూ సిద్ధంగా లేరు. విప్పిన తాళ్ల సందు దూరంగా ఉంది, కొమ్ము ఆగిపోయేలోపు అక్కడికి చేరడం కష్టం. ముందుగా వియ్యంకులిద్దరూ ఒకరిని మించి ఒకరు తాడు కింద నుంచి దూరి గడ్డి మీదికి అడ్డంగా నడిచారు. వాళ్ల వెనక పురోహితుడు, ఆయన వెనక ఇద్దరు కరణాలు, ఒక కవి, ఏడుగురు వర్తకులు, ఇలా నలభై మంది దాకా బిలబిలమంటూ బయలుదేరారు. బండ మీది బైరాగి ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు గానీ, అంతమందిని ఆపడానికి వాడికి ఏ మంత్రమూ సమయానికి తోచలేదు.

ఆ దృశ్యం చూడవలసిందే. చదునైన పచ్చిక మీద నడుస్తున్న నలభై మందీ ఒక్కసారిగా నడుము దాకా మాయమయ్యారు. ఒక్కరు కూడా కేక పెట్టలేదు. ఒక్కరు కూడా కిందికి చూడలేదు. పురోహితుడు తలపాగా సరిచేసుకుంటూ, వాతావరణం గురించి ఏదో అంటూ, చేతులతో గడ్డిని తోసుకుంటూ ముందుకు సాగాడు. కవి మునివేళ్ల మీద నడిచాడు. వియ్యంకులు మాత్రం ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. అవతల రాతిగట్టు ఎక్కిన ప్రతివాడూ ఏమీ జరగనట్టు దారికి ఇరుపక్కలా వరసలో నిలబడి, చేతులు కట్టుకుని, దూరంగా కొండ వైపు చూడసాగాడు. తాళ్లు మళ్లీ బిగిశాయి.

అడవిలోంచి గోరింక వెలువడింది. ఎర్రమట్టి రంగు ఒళ్లు, నుదుట తెల్లమచ్చ. మీద వైజయంతి, మెడ మీదికి వంగి, జుట్టు బిగించి కట్టి, చూపు ముందుకు పాతి వస్తోంది. వాగులో దూకింది. నీళ్లు రెండు పక్కలా ఎగిసిపడ్డాయి. గట్టెక్కింది. కంప వంద అడుగుల దూరంలో ఉంది.

సారంగుడు తాడు పట్టుకుని రాయిలా నిలబడ్డాడు. కళ్లతో కూడా ఏమీ చెప్పకూడదని చూపు గోరింక గిట్టల మీదే పెట్టుకున్నాడు. శూరపాలుడు అతన్నే గమనిస్తున్నాడు.

వైజయంతి తండ్రి దగ్గర నేల చదవడం నేర్చుకున్న మనిషి. ఆమెకు కంప కనిపించింది, గడ్డి కనిపించింది. గడ్డికి అవతల నగరంలోని పెద్దమనుషులు నలభై మంది వరసగా కనిపించారు. తలపాగాలు పొడిగా ఉన్నాయి, పంచెలు నడుము నుంచి కాళ్లకు అంటుకుపోయి ఉన్నాయి. వాగు దాటే పని గుర్రాలదే గానీ వీళ్లది కాదు. ఆకాశంలో మబ్బు తునక లేదు. అందరి కాళ్ల కిందా రాయి నల్లగా తడిసి ఉంది.

ఆమె వెనక్కి తగ్గలేదు. జీను మీద నిటారుగా కూర్చుని, మూడు అడుగులు కూడగట్టుకుని, నాలుగో అడుగున గోరింకను వదిలేసింది. గోరింక కంపకు ఎంతో ముందే లేచింది. కడుపు కింద కంప, కంప తరవాత గడ్డి, ఆ గడ్డి ఎంతకూ తరగడం లేదనిపించింది సారంగుడికి. ముందుగిట్టలు రాతిగట్టు అంచును పట్టుకున్నాయి. వెనకగిట్టలు గడ్డిలోకి జారాయి. వైజయంతి మెడ మీదికి వాలి ఏదో అంది. గోరింక ఒళ్లంతా బిగబట్టి, గట్టు గీరుకుంటూ పైకి వచ్చి, పెద్దమనుషుల మధ్య నుంచి దూసుకుపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా ఆమె ఏడో అడ్డు వైపు మలుపు తిరిగింది. సారంగుడికి కళ్లవెంట నీళ్లు వచ్చాయి. తుడుచుకోలేదు.

అప్పుడే దుర్జయుడు నల్లగుర్రం మీద తాళ్లకు బయటగా దౌడు తీస్తూ వచ్చాడు. తన పరుగు ముగించి, ఆమె పడటం కళ్లారా చూద్దామని తిరిగి వచ్చినవాడు. కోపంతో ముఖం కందిపోయి ఉంది. గుర్రం దిగకుండానే శూరపాలుడి మీద విరుచుకుపడ్డాడు. ఇది సాయమేనన్నాడు. ఆమెను తక్షణం ఆపి పోటీ నుంచి తొలగించమన్నాడు.

"ఫిర్యాదు చేస్తున్నారా ప్రభూ?" అని అడిగాడు శూరపాలుడు.

"చేస్తున్నాను. అక్కడ నీళ్లున్నాయని తెలిసేలా ఈ కమ్మరివాడు వీళ్లందరినీ తడిపి నిలబెట్టాడు."

శూరపాలుడు గడ్డి వైపు చూశాడు. ఎండలో పచ్చగా, పొడిగా, చదునుగా ఉంది.

"ఏ నీళ్లు?" అన్నాడు.

గట్టు మీద ఎవరూ కదల్లేదు. దుర్జయుడు నాలుక కరుచుకున్నాడు. శూరపాలుడు నడిచి వెళ్లి, ఫిర్యాదు వచ్చింది గనక తనిఖీ చేస్తున్నానని ప్రకటించి, చేతిలోని ఈటెను గడ్డిలోకి దించాడు. ఈటె సగానికి పైగా దిగిపోయింది. పైకి తీస్తే మొన నుంచి నీళ్లు కారాయి. ఇక్కడ నీళ్లున్న సంగతి దాచిపెట్టారనడానికి సాక్ష్యం కావాలంటూ ఆయన జనం వైపు తిరిగాడు. నలభై మందీ నేల చూపులు చూశారు. రత్నగుప్తుడు తడిపంచెతో ముందుకు వచ్చాడు. తల దించుకునే చెప్పాడు.

"నేను పొద్దున్నే పడ్డాను. నేల చదవలేకపోయాను. చెమటని అబద్ధం చెప్పాను. అప్పుడే నోరు విప్పి ఉంటే ఆ కుర్రవాడి ఎముక విరిగేది కాదు."

ఆయన వెనక ఒకరి తరవాత ఒకరు పడ్డామని చెప్పడం మొదలుపెట్టారు. వియ్యంకులు ఇద్దరూ ఒకేసారి చెప్పారు. భటులు దుర్జయుణ్ణి గుర్రం మీద నుంచి కిందికి లాగారు. వైజయంతి గెంతు చెల్లిందని శూరపాలుడు గట్టిగా పలికాడు.

బండ మీది బైరాగి ఆ మాట పూర్తి కానివ్వలేదు. ధూపపు కుండను రాతికేసి కొట్టాడు. పెంకులు చెదిరిన మరుక్షణం గడ్డి చిరిగిన తెరలా తొలగిపోయి, రాళ్ల మధ్య నల్లని కాలవ బయటపడింది. బూడిద రాలిపోయి, ధూమకేశుడు తాటిచెట్టంత రెక్కలున్న డేగగా మారి పైకి లేచాడు. వాడి గోళ్లలో కుండలోని నిప్పుకణిక ఒకటి మెరుస్తోంది. కనుమ వైపు, వైజయంతి వెళ్లిన వైపే ఎగిరాడు. ఆమె ముందు ఇంకా అడ్డులున్నాయి, వాటిలో దేని దగ్గరైనా వాడు మళ్లీ పొగ పరవగలడు. ఆపమని కొమ్ము ఊదినా కొండ మలుపు దాటిన మనిషికి వినబడదు.

సారంగుడు ఎవరినీ అడగలేదు. దుర్జయుడి నల్లగుర్రం మీదికి ఎగిరాడు. తాళ్ల లోపలికి అడుగు పెడితే ఆమెకు సాయం చేసినట్టవుతుందని అప్పటికీ గుర్తుంది. అందుకని తాళ్లకు బయటే, దారీ డొంకా లేని రాళ్లవాలు మీదుగా గుర్రాన్ని ఉరికించాడు. ఆమెతో మాట్లాడకూడదు, ఆమె కంట పడకూడదు. ఆ డేగ ఆమె కంటే ముందు వెళ్లకూడదు. తుప్పలు ముఖానికి కొట్టుకున్నాయి. రెండు వాగులు దూకాడు. ఎడమచేతి పక్కన, ఎర్రతాళ్ల మధ్య, గోరింక తొమ్మిదో అడ్డు దాటుతూ ఒక్క మెరుపుగా కనిపించి మరుగైంది. వాలు మీదికి వంగి అందుకున్న రాయి గురిచూసి విసిరితే డేగ రెక్కలోంచి ఈకలు రాలాయి. అది కోపంగా వెనుదిరిగి, గోళ్లలోని నిప్పులో సగం తుంచి అతని మీద పడేసింది.

పొగ లేచింది. సారంగుడి కళ్ల ముందు కొండ లేదు, కనుమ లేదు, తాళ్లు లేవు, వైజయంతి లేదు. ఆకాశపు అంచుల దాకా ఒకటే పచ్చిక, అరచేయంత చదునుగా పరుచుకుని ఉంది. ఇక్కడెక్కడో నూరు నిలువుల లోయ ఉందని అతనికి తెలుసు. అది ఎన్ని అడుగుల దూరంలో ఉందో మాత్రం తెలియదు. కిందనున్న గుర్రం చెవులు వెనక్కి పెట్టింది. ఆరో అడ్డు దగ్గర మొదటి గుర్రం కూడా ఇలాగే ముందే పసిగట్టింది. పైన రెక్కల చప్పుడు కనుమ వైపు దూరమవుతోంది. సారంగుడు కళ్లెం బిగించలేదు. వదులు చేసి, గుర్రం మెడ మీద చేయి వేసి, ముందుకే పోనిచ్చాడు.